మూపురాలెన్ని? జాతులెన్ని?

వర్షాకాలములో గోదావరికి ఎర్రనీరు రాగానే ధవళేశ్వరము నుండి యానాము వరకు అందరి నోటా వినబడే పేరు పులస. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనని మన వైపు సామెత. ఈ చేప కడలిలో పడినప్పుడు ఇలస. గుడ్లు పెట్టుటకు ఏటికి ఎదురీది వచ్చినప్పుడు పులస. పేర్లు రెండు, ధరలు రెండు, రుచులు రెండు. జాతి మాత్రము ఒక్కటే. జంతుశాస్త్రములో దాని పేరు టెన్యులోసా ఇలీషా.

జాలరి చేపను చేతపట్టి చూచి ఈ సంగతి చెప్పగలడు. కాని చేపను చూడక, దాని కొలతల పట్టికను మాత్రమే ముందుంచుకొన్నవాడు, ఇందులో ఎన్ని రకాల చేపలు కలిసి ఉన్నవో చెప్పగలడా? చెప్పగలనని సాంఖ్యక శాస్త్రము 130 ఏండ్లకు పైగా చెప్పుచున్నది. ఆ మాట ఎంతవరకు నిజమో, ఎక్కడ హద్దు మీరినదో విమర్శించి చూచుట ఈ వ్యాసము ఉద్దేశము. చేపల మీద జరిగే లెక్కే బడిలో పిల్లల మీద కూడ జరుగుచున్నది. అందుచేత ఈ విమర్శ ఉపాధ్యాయులకు అక్కరకు రాగలదు.

మూపురము అనగా నేమి?

ఉన్నత పాఠశాల విద్యార్థులకు సోపాన చిత్రము తెలిసినదే. కొన్ని వందల చేపల పొడవులను కొలిచి, రెండేసి సెంటీమీటర్ల తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతిలో ఎన్ని చేపలు పడినవో అంత ఎత్తున దిమ్మెలను నిలిపితే ఆ చిత్రము వస్తుంది. ఒకే రకపు వస్తువులను కొలిచినప్పుడు అది చాల సందర్భాలలో నడుమ ఎత్తుగా, ఇరుపక్కల పల్లముగా, గంటను బోర్లించినట్లుంటుంది. దీనినే సామాన్య వక్రము అంటారు. రెండు గుంపులు కలిసిపోయినప్పుడు రెండు గంటలు ఒకదానిమీద ఒకటి ఒరిగినట్లుంటుంది. ఇట్టి కలయికకు మిశ్రమ విభాజనమనియు, అందులోని ఒక్కొక్క గంటకు ఘటకమనియు పేరు.

1890 తరువాతి తొలి సంవత్సరాలలో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సెన్ చేపల పొడవుల చిత్రములోని ఒక్కొక్క మూపురమును ఒక్కొక్క ఏటి పిల్లలుగా గుర్తించి వయస్సు కట్టే మార్గము చూపినాడు. 1967లో సి. జి. భట్టాచార్య అదే పనికి చక్కని ఉపాయము ప్రకటించినారు. పక్కపక్క తరగతుల సంఖ్యలకు సంవర్గమానాలు తీసి, వాటి భేదాలను గ్రాఫు కాగితము మీద గుర్తిస్తే, సామాన్య వక్రము ఉన్నచోట ఆ బిందువులు కిందికి వాలే సరళరేఖ మీద పడతాయి. అట్టి రేఖలెన్ని కనబడితే ఘటకాలు అన్ని. పదవ తరగతి విద్యార్థి కూడ చేయదగిన లెక్క ఇది. మత్స్యశాస్త్రములో దీనికి గొప్ప ప్రచారము కలిగినది.

ఉపాయము చక్కనిదే. కాని ఎన్ని రేఖలు గీయవలెనో నిర్ణయించేది ఎవరు? చూచేవాని కన్ను. నాలుగు బిందువులు వరుసగా కనబడితే ఒకరు రేఖ గీస్తారు, మరియొకరు గీయరు. ఒక మూపురాన్ని అదనముగా లెక్కిస్తే చేప వయస్సు ఒక ఏడు పెరుగుతుంది. అది మెల్లగా పెరుగుతున్నట్లు కనబడుతుంది. ఏటా ఎంత పట్టవచ్చునన్న సలహా తారుమారవుతుంది. అప్పుడు నష్టపోయేది పట్టిక కాదు, జాలరి.

నేపుల్సు పీతలు

గుంపుల లెక్కను కన్నుకు వదలక గణితమునకు అప్పగించవలెనని మొదట పట్టుపట్టినవాడు కార్ల్ పియర్సన్. ఆయన మిత్రుడు వెల్డన్ ఇటలీ దేశములోని నేపుల్సు తీరాన పట్టిన 1000 ఆడపీతలను కొలిచినాడు. తక్కిన కొలతలన్నీ దాదాపు సమరూపమైన వక్రాలనే ఇచ్చినవి. నొసటి వెడల్పు ఒక్కటి మాత్రము ఒకవైపుకు ఒరిగిన వక్రము నిచ్చినది. ఒక జాతి రెండుగా చీలిపోవుచున్నదేమో, పరిణామము మన కళ్ళముందే జరుగుచున్నదేమో అని వారికి ఆశ కలిగినది.

1894లో పియర్సన్ ఆ వక్రమును రెండు సామాన్య వక్రాలుగా విడదీసినాడు. రెండు అంకమధ్యమాలు, రెండు ప్రామాణిక విచలనాలు, ఒక నిష్పత్తి, మొత్తము అయిదు అవ్యక్తరాశులు. వాటిని సాధించబోగా తొమ్మిదవ ఘాతపు సమీకరణము వచ్చినది. గణన యంత్రాలు లేని ఆ దినాలలో దానిని చేతితో సాధించుట భగీరథ ప్రయత్నమే. తుదకు అంగీకరింపదగిన సాధనలు రెండు మిగిలినవి. అందులో ఒకదానిని ఆయన ఎన్నుకొన్నాడు.

ఈ పనిని మెచ్చుకొనక తప్పదు. కాని ఒక్క ప్రశ్న వేయవలెను: రెండు అన్న సంఖ్య ఎక్కడిది? సమీకరణములో నుండి రాలేదు. సమీకరణము కట్టుటకు ముందే ఉన్నది. మూడు అనుకొంటే మూడు గంటలు వచ్చేవి. ఇంతేకాదు, ఒకే గుంపు అయి ఉండి దాని వక్రమే సహజముగా ఒకవైపు ఒరిగినది కారాదా? ఈ చిక్కు పియర్సన్‌కు తెలియకపోలేదు. మరుసటి ఏడు 1895లో ఒరిగిన వక్రాల కోసము ప్రత్యేకముగా ఒక పెద్ద గ్రంథభాగమే రచించినాడు. అదే 1894లో ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు జియార్ మరియొక మాట అన్నాడు: పీతల ఒంటిలో చేరే పరాన్నజీవులు కూడ ఇట్టి జంట వక్రాలను కలిగించగలవు. అనగా గుంపులు రెండని ఒప్పుకొన్నా, అవి రెండు జాతులని అర్థము కాదు. రోగము కలవి, లేనివి కావచ్చును.

మన రావుగారి లెక్క

ఈ సమస్యను తరువాత కొత్త దారికి మళ్ళించినవారిలో తెలుగువాడు ఉండుట మనకు సంతోషకారణము. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరినారు. 1948లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ప్రకటించిన ఒక దీర్ఘ వ్యాసములో ఆయన రెండు సామాన్య వక్రాల మిశ్రమమును తీసికొని, రెంటికీ ప్రామాణిక విచలనము ఒక్కటే అనుకొని, ఫిషర్ పండితుని గరిష్ఠ సంభవనీయతా పద్ధతితో సాధించినారు. మిశ్రమ విభాజనాలకు ఆ పద్ధతిని వాడిన తొలి ప్రయత్నముగా నేటికీ దానిని పేర్కొంటారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమానము పొంది, ఆ ఏడే పరమపదించిన ఆ మహనీయుని కీర్తికి మన పొగడ్త అవసరము లేదు.

గౌరవముతోనే అడుగుదాము. రెండు గుంపులున్నవని ముందే తెలిసినప్పుడు వాటి సగటులను, పాళ్ళను కనుగొనుట ఒక పని. రెండున్నవా, ఒక్కటే ఉన్నదా అని నిర్ణయించుట మరియొక పని. రావుగారి లెక్క మొదటి పనికి సరిపోయినది. ఆ లెక్కను ఆదర్శముగా తీసికొన్న తరువాతివారు దానినే రెండవ పనికి కూడ వాడబోయినారు. విమర్శ అక్కడ మొదలవుతుంది.

కన్ను చేసే మోసము

ముందుగా కన్ను ఎంత మోసపోగలదో చూతము. ఒక గుంపు సగటు 150, మరియొక గుంపు సగటు 158, రెంటి ప్రామాణిక విచలనము 5, రెండును సమపాళ్ళలో ఉన్నవనుకొందాము. కలిపి గీస్తే ఎన్ని మూపురాలు? ఒక్కటే. ఇట్టి సమాన మిశ్రమములో సగటుల భేదము ప్రామాణిక విచలనానికి రెండు రెట్లు మించితే గాని రెండవ మూపురము తలయెత్తదు. ఇక్కడ భేదము 8, రెండు రెట్లు 10. రెండవ సగటు 165 అయితే భేదము 15. అప్పుడు రెండు మూపురాలు స్పష్టముగా కనబడతాయి. కనుక మూపురము ఒక్కటే ఉన్నదని గుంపు ఒక్కటే అనరాదు.

దీనికి ఎదురు మోసము కూడ ఉన్నది. మూడు పాచికలను కలిపి 40 సార్లు వేసి, ప్రతిసారి మొత్తము వ్రాసి, సోపాన చిత్రము గీయండి. తరగతిలో ప్రతి విద్యార్థిచేతను చేయించండి. పాచికలు అవే, పద్ధతి అదే, గుంపు ఒక్కటే. అయినను అనేకుల చిత్రాలలో రెండు మూడు మూపురాలు కనబడతాయి. అవి యాదృచ్ఛికముగా వచ్చినవి. కనుక మూపురాలు రెండున్నవని గుంపులు రెండు అనరాదు.

పట్టిక ఎందుకు చెల్లదు?

కన్నును నమ్మరాదు కనుక పరీక్ష పెట్టవలెను. ఒకే గుంపు అనుకొన్నప్పుడు మన కొలతలకు గల అత్యధిక సంభవనీయత ఎంత? రెండు గుంపులు అనుకొన్నప్పుడు ఎంత? రెండవదానిని మొదటిదానితో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. రెండు గంటలలో ఒక గంట ఇమిడి ఉన్నది కనుక ఈ నిష్పత్తి ఎన్నడును 1 కంటె తక్కువ కాదు. మరి ఎంత పెద్దదైతే రెండు గుంపులని నమ్మవలెను?

1938లో విల్క్స్ అనే అమెరికా పండితుడు సాధారణ సందర్భాలకు సులువైన సూత్రము చెప్పినాడు. నిష్పత్తికి సహజ సంవర్గమానము తీసి, రెట్టింపు చేసి, కై-వర్గ పట్టికతో పోల్చవలెను. అదనపు అవ్యక్తరాశి ఒకటి అయితే నూటికి అయిదు పాలు హద్దు 3.84, రెండు అయితే 5.99. కళాశాల విద్యార్థులు కంఠస్థము చేసే అంకెలివి. ఘటకాల సంఖ్యను పరీక్షించుటకు కూడ ఎందరో ఈ పట్టికనే తెరచినారు. ఇది పొరపాటు. ఎందుకో చూతము.

నిజముగా గుంపు ఒక్కటే అనుకొందాము. దానిని రెండు గుంపుల భాషలో ఎట్లు చెప్పవలెను? రెండు సగటులు సమానమని చెప్పవచ్చును. లేదా రెండవ గుంపు పాలు సున్న అని చెప్పవచ్చును. పాలు సున్న అయినప్పుడు ఆ లేని గుంపునకు సగటు ఎంత? పది అన్నా సరియే, వెయ్యి అన్నా సరియే. ఇంటిలో లేని బిడ్డకు ఏ పేరైనా పెట్టవచ్చును. విల్క్స్ సూత్రమునకు ప్రతి అవ్యక్తరాశికి ఒక నిశ్చితమైన విలువ ఉండవలెను. ఆ విలువ హద్దు మీద కాక లోపల ఉండవలెను. ఇక్కడ రెండు నియమాలును భంగమైనవి.

ఫలితమేమి? గణన యంత్రము ఆ లేని గుంపును పటమంతటా తిప్పి, కొలతలు కొంచెము గుమిగూడినచోట కూర్చుండబెడుతుంది. తరగతిలో ఎవరినో ఒకరిని పిలిచి ఎత్తు కొలుచుట వేరు. అందరికంటె పొడుగువానిని ఏరి పిలిచి కొలుచుట వేరు. రెండవవానిని మొదటివాని పట్టికతో పోలిస్తే అసాధారణుడుగానే తోస్తాడు. ఈ పరీక్షలో జరిగేదీ అదే. 1985లో హార్టిగన్ ఇంకను ఆశ్చర్యకరమైన సంగతి నిరూపించినాడు: రెండవ సగటుకు హద్దు పెట్టకపోతే, గుంపు ఒక్కటే అయినను, కొలతలు పెరిగేకొద్దీ ఈ సంఖ్య మెల్లమెల్లగా అంతులేకుండా పెరుగుతుంది. స్థిరమైన ఏ హద్దును పెట్టినా అది ఒకనాటికి దాటుతుంది.

రెండు గుంపులకు వేరువేరు ప్రామాణిక విచలనాలు ఇస్తే పరిస్థితి మరింత చెడుతుంది. ఒక గంటను సరిగా ఒక్క చేప మీద నిలిపి దాని వెడల్పును సున్నకు తగ్గించుచు పోతే సంభవనీయత అనంతమవుతుంది. ఆ ఒక్క చేపయే ఒక జాతి అయిపోయినది!

రావుగారు అదే 1948లో ప్రతిపాదించిన ప్రసిద్ధమైన స్కోరు పరీక్షను ఇక్కడ వాడరాదా? సూటిగా వాడుటకు వీలులేదు. ఆ పరీక్ష అవకలజము మీద ఆధారపడినది. రెండు సగటులు కలిసిపోయిన చోట, వాటి ఎడమును బట్టి తీసిన మొదటి అవకలజము శూన్యము. కొలబద్ద మీద గీతలు సరిగా అక్కడనే చెరిగిపోయినవి.

సరియైన కొలబద్దలు

అయితే మార్గము లేదా? ఉన్నది. పట్టికను మూసి, మన కొలబద్దను మనమే తయారు చేసికొనవలెను. 1987లో మెక్‌లాక్లన్ చూపిన మార్గమిది. ముందు గుంపు ఒక్కటే అనుకొని వక్రము కట్టవలెను. ఆ ఒక్క వక్రము నుండియే గణన యంత్రముచేత 99 కృత్రిమ నమూనాలను తీయించవలెను. ప్రతి నమూనాకు నిష్పత్తిని లెక్కించవలెను. మన అసలు నిష్పత్తిని కూడ కలిపి నూటిని పెద్దదానినుండి వరుసలో నిలిపితే, మనది మొదటి అయిదింటిలో ఉన్నప్పుడే ఒకే గుంపన్న మాటను నిరాకరింపవలెను. పాచికల ప్రయోగములో విద్యార్థులు చేసినదే ఇక్కడ క్రమబద్ధముగా చేస్తాము.

2020లో వాసర్‌మన్, రామదాస్, బాలకృష్ణన్ అనే ముగ్గురు మరియొక మార్గము చెప్పినారు. దాని ఉపపత్తి ఇంటర్మీడియెట్ విద్యార్థికి కూడ అందుతుంది. కొలతలను రెండు సగాలు చేయవలెను. మొదటి సగమును చూచి రెండు గుంపుల వక్రమును నిర్ణయించి, ఇక దానిని కదల్చరాదు. రెండవ సగము మీద ఆ వక్రపు సంభవనీయతను, ఒకే గుంపు ఇవ్వగల అత్యధిక సంభవనీయతతో భాగించవలెను. నిజముగా గుంపు ఒక్కటే అయితే ఈ నిష్పత్తి సగటు 1 మించదు. సగటు 1 మించని ధనరాశి 20కి చేరే సంభావ్యత ఇరవైలో ఒకటికి మించదు. మించితే ఆ సగటే 1 దాటిపోవును గదా! కనుక నిష్పత్తి 20కి చేరినప్పుడు మాత్రమే ఒకే గుంపన్న మాటను నిరాకరింపవలెను. పట్టిక అక్కరలేదు. అయితే దీనికి చెల్లించే వెల కూడ ఉన్నది. ఈ పరీక్ష జాగ్రత్తపరుడైన న్యాయాధిపతి వంటిది. నిజముగా రెండు గుంపులున్నను, కొలతలు చాలకపోతే అవునని ఒప్పుకొనదు.

1978లో ష్వార్జ్ చెప్పిన ప్రమాణము నేడు అందరి చేతిలోనూ ఉన్నది. అవ్యక్తరాశులు పెరిగేకొద్దీ జరిమానా వేసి, జరిమానా పోగా ఏది మేలో దానిని ఎన్నుకొనుట దాని పద్ధతి. ఉపయోగకరమైనదే. కాని ఒరిగిన వక్రమును దానికి అప్పగించి సామాన్య వక్రాలతోనే కట్టుమంటే, కొలతలు పెరిగేకొద్దీ ఘటకాలను పెంచుతూనే పోతుంది. అవి ఒరుగును పూడ్చుటకు వేసిన అతుకులే గాని ప్రకృతిలోని గుంపులు కావు.

1988లో డోనహో నిరూపించిన ఒక ఫలితము ఈ చర్చకంతకు కీలకము. ఆకారము ముందుగా తెలియని వక్రాన్ని కొలతలనుబట్టి చూచి, మూపురాలు గాని ఘటకాలు గాని కనీసము ఇన్ని ఉన్నవని విశ్వాసముతో చెప్పవచ్చును. ఇంతకు మించి లేవని చెప్పుట సాధ్యము కాదు. మిక్కిలి చిన్న గుంపు ఎక్కడనో దాగి ఉండవచ్చును. అందుచేత పరీక్ష ఇవ్వగల నిజాయితీ గల జవాబు కనీసము రెండు అనియే. సరిగా రెండు అని కాదు.

వల కన్ను, ఎర్ర సిరా

కనీసము రెండు ఘటకాలని తేలినదనుకొందాము. అవి ఏమిటి? ఇది లెక్క చెప్పగలిగినది కాదు. పులసలలో ఆడది మగదానికంటె పెద్దది. కనుక రెండు మూపురాలు ఆడ, మగ కావచ్చును. నిరుటి పిల్లలు, అంతకు ముందటి ఏటి పిల్లలు కావచ్చును. మొప్పల దగ్గర చిక్కించే వల తన కన్నుకు తగిన చేపనే పట్టుతుంది. చిన్నది జారిపోతుంది, పెద్దది చొరబడదు. రెండు పడవలవారు రెండు రకాల కన్నుల వలలు వేస్తే, ఏటిలో ఒకే గుంపు ఉన్నను ఒడ్డున రెండు మూపురాలు పడతాయి. ఏది నిజమో తెలియవలెనంటే చేపను కోసి చూడవలెను, పొలుసు మీది వలయాలను చూడవలెను, వల కన్నును కొలవవలెను.

ఇప్పుడు బడికి వత్తము. నాకు తెలిసిన ఒక పాఠశాలలో పరీక్ష మార్కులకు సోపాన చిత్రము గీచినారు. రెండు మూపురాలు వచ్చినవి. నడుమ లోయ 30కిని 35కిని మధ్య పడినది. పిల్లలలో రెండు జాతులున్నవని, తెలివిగలవారొకటి, మందమతులొకటి అని తీర్మానించి, తరగతిని రెండుగా చీల్చినారు. లోయకు కారణము ఎవరును అడుగలేదు. ఉత్తీర్ణతకు 35 కావలెను. 32, 33 వచ్చిన పిల్లవానిని చూచి దయగల ఉపాధ్యాయుడు రెండు మూడు మార్కులు కలిపి గట్టెక్కించినాడు. 30ల దగ్గర దిమ్మె కుంగినది, 35 దగ్గర దిమ్మె లేచినది. ఆ లోయను త్రవ్వినది ప్రకృతి కాదు, ఎర్ర సిరా. పరీక్షకుని దయ వల్ల ఏర్పడిన లోయకు ఆవలి ఒడ్డున మిగిలిపోయిన పిల్లలు ఏడాదంతా మందమతులనే పేరు మోసినారు.

చేప విషయములో పొరబడితే మరుసటి ఏడు వల వేసి సరిదిద్దుకొనవచ్చును. పదమూడేండ్ల పిల్లవానికి మరుసటి ఏడు అట్లు రాదు. అందుచేత ఉపాధ్యాయులకు నా మనవి ఇది. రెండు మూపురాలు కనబడినప్పుడు ముందుగా మూడు ప్రశ్నలు వేయండి. ఇంతటి లోయ ఒకే గుంపులో యాదృచ్ఛికముగా రాగలదా? కొలిచే సాధనమే దానిని కలిగించినదా? గుంపులు నిజమైతే, కొలతతో సంబంధము లేని మరియొక గుర్తు వాటిని వేరుగా చూపుచున్నదా? ఈ మూడింటికి జవాబు దొరికినంతవరకు తరగతిని చీల్చకండి.

ఇలసకు, పులసకు రెండు పేర్లు పెట్టిన గోదావరి జాలరి అది ఒకే చేపయని ఏనాడును మరువలేదు. పేరు వేరు, జాతి వేరు అని అతనికి తెలిసినంత మాత్రము లెక్క పట్టుకొన్న మనకును తెలియవలెను.